గుడ్ల మీద బొగ్గు చుక్క

మా గోదావరి జిల్లాలో ఒంటి మీద బల్లి పడితే తలకు పోసుకుంటారు. తొండ పడితే తలకు పోసుకుని దేవుడి దగ్గర దీపం కూడా పెడతారు. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్ళు ఊళ్ళో ఉంటే వాళ్ళని ముట్టుకున్నా చాలు, దోషం పోతుందంటారు. అల్ ఐన్‌లో నేను పనికి కుదిరిన ఇంట్లో, మొదటి వారంలోనే, ముంజేయి కన్నా పొడుగున్న ఊసరవెల్లి కొమ్మ మీంచి జారి నా భుజం మీద పడింది. చుట్టుపక్కల కంచి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పరుగెత్తుకెళ్ళి కట్టుబట్టలతో షవర్ కింద నిలబడ్డాను.

తలుపు బయట ఒకటే నవ్వు. ఆ ఇంటి డ్రైవరు. నెల్లూరు వైపు సాయిబు, నాకన్నా అయిదారేళ్ళు చిన్న. ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

"ఏందక్కా, గిర్గిట్టు నీ మీద పడిందా, నువ్వు దాని మీద పడినావా? దానికి గూడా తలకు పొయ్యాల్నా?" అన్నాడు.

"నీ మీద పడ్డ రోజు తెలుత్తాది అబ్బాయ్, ఉండు," అన్నాను లోపల్నుంచే.

అది 2002. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, పెద్దవయసాయన, బడిపంతులుగా చేసి రిటైరైనవాడు. మేమందరం ఆయన్ని బాబా అనేవాళ్ళం, ఆయన భార్యని మామా అనేవాళ్ళం. ఆయన ఈడువాళ్ళు డేగల్నో ఒంటెల్నో పెంచుకుంటే, ఈయన ఊసరవెల్లుల్ని తెచ్చి మేడ మీద ఒక గది నిండా చెట్లు పెట్టి వాటికి ఇచ్చేశాడు. అవి మడగాస్కర్ దీవి జాతి. ఎక్కడో విదేశంలో వీటిని పెంచేవాళ్ళ దగ్గర్నుంచి కాగితాలన్నీ పక్కాగా చేయించి ఒక జంటని తెప్పించుకున్నాడు. మగది పచ్చ కలిసిన నీలం, కంటిరెప్పలు మాత్రం నారింజ రంగు. ఆడది ఆకుపచ్చ. ఈ జాతిని గదిలో ఉంచి పిల్లల్ని తీయగలిగినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద బహు కొద్దిమందట. ఆ కొద్దిమందిలో ఒకడు కావాలన్నది బాబా కోరిక. మామా ఆ గది గడప తొక్కేది కాదు.

గది ఊడ్చే పని నాకు పడింది. మొదట్లో చీపురు కొసతో తప్ప దేన్నీ ముట్టుకోలేదు. గిన్నెలో నీళ్ళు పెడితే రెండు రోజులు అటు చూడనైనా చూడలేదవి. "పొగరు చూడు, మామాకి చెల్లెలు లాగుంది," అని తిట్టుకున్నాను. బాబా వచ్చి గిన్నె తీసేసి, ఆకుల మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడేట్టు గొట్టం కట్టాడు. అవి ఆకుల మీద కదిలే చుక్కల్నే తాగుతాయట, నిలవ నీళ్ళు వాటికి నీళ్ళే కావట. చుక్క జారగానే ఆడది మెడ చాపి తాగింది. ఒక కన్ను చుక్క మీద, రెండో కన్ను నా మీద. దాహంలో కూడా నన్ను నమ్మలేదు. అది నాకు నచ్చింది.

అప్పట్నుంచి ఆ గది నాదైపోయింది. వాటికి మేత కోసం డబ్బాల్లో కీచురాళ్ళని పెంచాను, క్యారెట్ ముక్కలూ తవుడూ వేసి. ఊసరవెల్లి రంగులు మారుస్తుందని ఎవరినైనా తిట్టడానికి వాడతాం కదా. అవి దాక్కోడానికి మార్చవు. కోపం వస్తే నల్లబడతాయి, చలేస్తే పాలిపోతాయి, ఒంట్లో బాగుంటే మెరుస్తాయి. లోపల ఏముందో తోలు మీద రాసేస్తాయి, పాపం వాటికి దాచుకోవడం రాదు.

మరుసటి ఏడు చలికాలంలో ఆడది పెద్ద కుండీలో మట్టి తవ్వి ముప్పై నాలుగు గుడ్లు పెట్టి, మళ్ళీ పూడ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా చెట్టెక్కేసింది. బాబా ఒక్కొక్క గుడ్డునీ చెంచాతో తీసి, తేమ పట్టి ఉంచే గుల్లరాతి పొడిని తడిపి అందులో, మూత ఉన్న పెట్టెలో సర్దాడు. పిల్లలు కావడానికి ఇరవై నెలలు పడుతుందన్నాడు. ఇరవై ఒక్క రోజుల్లో కోడిపిల్లల్ని చూసే మనిషిని, నాకు నవ్వొచ్చింది. "ఏనుగుకైనా ఇంతే గదా," అన్నాను. "సబర్," అన్నాడు బాబా. ఓపిక పట్టమని.

ఇక్కడ నా గొప్ప కాస్త చెప్పుకోవాలి. మా పేటలో కోడిని పొదగేయాలంటే నన్నే పిలిచేవాళ్ళు, చెయ్యి మంచిదని. పొదుగు మీదున్న కోడిని ఒకసారి కుక్క ఎత్తుకుపోతే, పన్నెండు గుడ్లనీ ఊక బుట్టలో పెట్టి, లాంతరు వెచ్చదనం చూపిస్తూ, రోజుకు మూడుసార్లు నా చేత్తో తిప్పి తొమ్మిది పిల్లల్ని తీశాను. గుడ్డు తిప్పకపోతే పిండం పెంకుకి అంటుకుపోయి చచ్చిపోతుందని అక్కడ పిల్లలకైనా తెలుసు. కోడి కూడా ముక్కుతో తిప్పుకుంటుంది. మరి ఈ తల్లి పెట్టి పోయింది. బాబా పంతులాయన, పుస్తకాలు చదివాడు గానీ ఏనాడైనా గంప కింద చెయ్యి పెట్టాడా? తిప్పేవాళ్ళు లేకపోతే ఈ గుడ్లు ఏమవుతాయి? నేను ఎవర్నీ అడగలేదు. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

పెట్టె పక్కన ఇనప మేకూ బొగ్గు ముక్కా పెట్టాను. ఉరుములకి గుడ్లు చెడకుండా మా దగ్గర పెట్టేవే అవి. అల్ ఐన్‌లో ఉరుములెక్కడివని బాబా నవ్వి ఊరుకున్నాడు. ఆ బొగ్గుతోనే ప్రతి గుడ్డు మీదా ఒక చుక్క పెట్టుకున్నాను, ఏవి తిప్పానో ఏవి తిప్పలేదో గుర్తుకి. పొద్దున ఊడ్చేటప్పుడు చుక్క పైకి, సాయంత్రం నీళ్ళ గొట్టం చూసేటప్పుడు చుక్క కిందికి. డ్రైవరు పొద్దునా సాయంత్రం మేత డబ్బా ఇవ్వడానికి వచ్చి తొంగి చూసేవాడు.

"బొట్లు పెట్టినావేందక్కా?"

"దిష్టి చుక్కలు. నీలాంటోళ్ళ కళ్ళు పడకుండా."

వాటికి చల్లదనం కావాలి. ఆ గదిలో ఏసీ ఆగకూడదు. ఎండాకాలం ఒక శుక్రవారం మేమంతా బాబా కూతురు పంపిన కార్లో వాళ్ళింటికి వెళ్తూ ఇంటి మీద కన్నేసి ఉంచమని డ్రైవరుకి చెప్పాం. అతను నమాజుకి వెళ్ళొచ్చి, అన్నం తిని కునుకు తీశాడు. అప్పుడే ఏసీ ఆగింది. మేము వచ్చేసరికి గది రెండు గంటలుగా వేడెక్కి ఉంది. నెల తిరక్కుండా గుడ్లు పసుపు పచ్చగా మారి, సొట్టలు పడి, బూజు పట్టాయి. వారానికి అయిదారు చొప్పున బాబా తీసి పారేశాడు. ఆఖరికి పెట్టెలో గుల్ల పొడి మిగిలింది.

నేను డ్రైవరు మీద విరుచుకుపడ్డాను. ఆ ఇంట్లో గట్టిగా అరిచిన మనిషిని నేనొక్కదాన్నే. "రెండు గంటలు కళ్ళు తెరుచుకుని ఉండలేకపోయావా? నీ నిద్ర తగలెయ్యా! ముప్పై నాలుగు పేణాలు!" అతను తల వంచుకుని నిలబడ్డాడు. "నాదే తప్పక్కా," అన్నాడు. బాబా అరవలేదు. "ఖలాస్," అని కారు తాళాలు అడిగి తీసుకుని, అతన్ని ఊరి బయటున్న తన ఖర్జూరపు తోటకి పంపేశాడు, నీళ్ళు కట్టే పనికి. కొత్త డ్రైవరు పెషావర్‌వాడు వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను తెలుగు మాట్లాడింది ఊసరవెల్లులతోనే.

2005 మొదట్లో ఆడది మళ్ళీ బరువెక్కింది. వయసు మీద పడింది దానికి, కొమ్మ పట్టు తప్పుతోంది. దుబాయ్ నుంచి ఇలాంటి జీవాలకి వైద్యం చేసే డాక్టర్ని పిలిపించాడు బాబా. మన దేశం ఆయనే, హిందీలో మాట్లాడేవాడు. ఈ కాన్పు తర్వాత ఇది బతకదన్నాడాయన. అలాగే ఇరవై ఆరు గుడ్లు పెట్టి, పదోనాటికి నా అరచేతుల్లోనే పోయింది. పోయే ముందు రంగంతా వెలిసిపోయి, ఉతికి ఉతికి పల్చబడ్డ ఆకుపచ్చ గుడ్డలాగా అయింది. ఏడ్చాను. దాన్ని ముట్టుకున్నందుకు స్నానం చేయాలని తోచనే లేదు.

ఇంక కొత్త జంటని తేనన్నాడు బాబా. తనకి ఓపిక అయిపోయిందట. పిల్లలైతే ఈ ఇరవై ఆరులోంచే కావాలి.

గుడ్లు పెట్టిన రోజున డాక్టరే వాటిని పెట్టెలో సర్దుతూ, ప్రతిదాని మీదా పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. నాకు సంబరమేసింది, మా పద్ధతే గదా అని. "తిప్పడానికి గుర్తా డాక్టర్ సాబ్?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "తిప్పకుండా ఉండడానికి," అన్నాడు. "చుక్క ఎప్పుడూ పైనే ఉండాలి. కోడిగుడ్డులో పిండాన్ని పట్టి ఉంచే తాళ్ళుంటాయి. వీటిలో ఉండవు. పిండం పైపెంకుకి అతుక్కుని పెరుగుతుంది. తిరగేశావా, తన సొనలో తనే మునిగి చచ్చిపోతుంది." తర్వాత బాబా వైపు తిరిగి, ఆయన చెప్పిన మొదటి గుడ్ల సంగతి తనకి ఇప్పటికీ అర్థం కాలేదనీ, రెండు గంటల వేడికి కొన్ని పోతాయేమో గానీ ముప్పై నాలుగూ పోవనీ అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పొద్దున పైకి, సాయంత్రం కిందికి. నెలల తరబడి, గొప్పగా, మంచి చెయ్యి అనుకుంటూ, ఒక్కొక్కదాన్నీ నేనే ముంచాను. డ్రైవరు కునుకు తీసిన నాటికే అవి చచ్చి ఉంటాయి.

నా నోట్లో నువ్వుగింజ నానదని మావాళ్ళంతా అంటారు. అలాంటి నోరు ఆ రోజు తెరవలేదు. భయం కొంత ఉంది, లేదనను. విమానం ఎక్కించి పంపేస్తారని. కానీ భయం కన్నా పంతం ఎక్కువ. చెప్తే ఆ గది తాళం నా చేతిలోంచి పోతుంది. ఈ గుడ్లని ఇంకొకరు చూస్తారు. నేను చంపినవాటి బదులు నేనే పిల్లల్ని తీయాలి. తీసి, వాటిని బాబా ముందు పెట్టి, అప్పుడు చెప్తాను. అప్పుడు డ్రైవర్ని వెనక్కి పిలుస్తారు. ఇరవై నెలలు. ఇలా లెక్క చూసుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ ఇరవై నెలలూ నేను పడ్డ పాటు ఎవరు అడిగినా చెప్తాను, దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు. రోజుకి మూడుసార్లు ఉష్ణమాపకం చూసి నోటుబుక్కులో రాశాను. చలికాలంలో కిటికీ తీసి గది చల్లబరచాలన్నాడు డాక్టరు, అంగుళం అంగుళం తీశాను. పెట్టెని మెల్లగా తాడుతో బల్లకి బిగించి కట్టాను, ఎవరి మోచెయ్యీ తగిలి కదలకుండా. మధ్యలో రెండేళ్ళకొచ్చే సెలవు వచ్చింది. టిక్కెట్టు చేతిలో పెడితే వద్దన్నాను. ఇంట్లో మా ఆయన ఫోన్‌లో, "బల్లి గుడ్ల కోసం ఆగిపోయావంటే ఇక్కడ నా పరువేం గాను?" అన్నాడు. "కోడిగుడ్లని చెప్పు," అని పెట్టేశాను.

రెండో ఎండాకాలం ఏసీ మళ్ళీ ఆగింది. నేను పక్క గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. మేలుకునే ఉన్నాను, అయినా వెంటనే తెలియలేదు. ఎంతసేపటికో గదిలోకి వెళ్తే మొహానికి వేడి కొట్టింది. గడ్డకట్టిన నీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లోంచి తెచ్చి పెట్టె చుట్టూ పేర్చి, మెకానిక్ వచ్చేదాకా మారుస్తూ కూర్చున్నాను. మెలకువగా ఉన్నదానికే తెలియకపోతే నిద్రపోయినవాణ్ణి ఎన్ని మాటలన్నాను! అయినా చెప్పలేదు.

ఆ ఎండల్లోనే ఒక గురువారం తోట పనివాళ్ళకి మామా భోజనం పంపితే నేనే పట్టుకెళ్ళాను. పెషావర్ డ్రైవరు కార్లోనే కూర్చున్నాడు. మా నెల్లూరువాడు కాలవ గట్టు మీంచి వచ్చాడు, మోకాళ్ళదాకా బురద. మొహం కమిలిపోయి పదేళ్ళు పైబడ్డవాడిలా ఉన్నాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన డ్రైవింగ్ లైసెన్సు కనిపిస్తోంది. బురద పనిలో కూడా దాన్ని జేబులోనే పెట్టుకున్నాడు.

"బాగుండావా అక్కా? గుడ్లెట్టుండాయి?"

"బాగున్నాయి."

"పదైదు నెల్లయింది గదా. నేను లెక్క పెట్టుకుంటానే ఉండా. ప్రతి శుక్రారం దువా చేస్తుండా వాటి కోసరం. ఆ ముప్పై నాలుగూ నా వల్లనే గదా పోయినాయి. ఈతూరన్నా పిల్లలైతే నా మనసు తేలికవుద్ది."

గొంతుదాకా వచ్చింది. ఇంకా అయిదు నెలలే కదా అనుకున్నాను. గిన్నెలు దింపి, "తిను, చల్లారిపోద్ది," అన్నాను. సోమవారం, గురువారం అతనికి ఉపవాసమని, పొద్దు కుంకకుండా తినడని నాకు తెలుసు. వేరే మాట దొరక్క అన్నాను.

ఇరవయ్యో నెల దాటాక ఒక పొద్దున గుడ్ల మీద చెమట పట్టింది. సన్నటి చుక్కలు, ఎండలో పనిచేసే మనిషి నుదుటి మీద పట్టినట్టు. అదే గుర్తని డాక్టరు ముందే చెప్పాడు. బాబాని పిలిచాను. ఇద్దరం రెండు పీటలు వేసుకుని కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఒక పెంకు మీద చాకుతో గీసినట్టు గీత పడింది. అందులోంచి ముక్కు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. సాయం చేద్దామని నా వేళ్ళు లాగుతుంటే వాటిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. అది తనంతట తానే బయటికొచ్చింది, నా చిటికెన వేలంత, మట్టి రంగులో. వచ్చీ రాగానే ఒక కన్ను బాబా మీద, ఒక కన్ను నా మీద పెట్టింది. దాని తల్లి కూతురే.

మూడు రోజుల్లో పంతొమ్మిది వచ్చాయి. పెద్దాయన ఏడుస్తూ, నవ్వుతూ, నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. నీ చెయ్యి మంచిదన్నాడు.

ఆ మాటకి ఇంక ఆగలేకపోయాను. నాకొచ్చిన హిందీలో, రాని అరబ్బీలో మొత్తం చెప్పాను. కోళ్ళు, లాంతరు, బొగ్గు చుక్క, పొద్దున పైకి, సాయంత్రం కిందికి. ఆయన చెయ్యి తీసేశాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"డాక్టర్ సాబ్ చుక్కలు పెట్టిన రోజున."

"తెలియక తిప్పావు, దానికి నేనేమీ అనను," అన్నాడు. పంతొమ్మిది పిల్లల వైపు చూసి, తోట ఉన్న దిక్కుకి చూసి, ఒకే మాటన్నాడు. "ఐబ్." సిగ్గుచేటని. పంతులు గదా, అరవాల్సిన పనిలేదు. తర్వాత కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే ఇవ్వు. నువ్వే చెప్పు. యల్లా, బయల్దేరు."

పెషావర్ డ్రైవరు నన్ను తోటదాకా తీసుకొచ్చి తాళాలు మళ్ళీ నా చేతిలో పెట్టాడు. తోటలో మా నెల్లూరువాడు గెలలకి వల సంచులు కడుతున్నాడు. పంతొమ్మిది పుట్టాయని చెప్పగానే చేతులు పైకెత్తి, "అల్‌హందులిల్లా!" అన్నాడు. ఆ సంతోషం అయ్యేదాకా ఆగి, మిగతాది చెప్పాను. ఈసారి తల వంచుకున్నది నేను.

అతను చేతిలో వల సంచి మడత పెడుతూనే ఉన్నాడు.

"ఆ బొట్లు పొద్దున పైనుండేవి, సాయంత్రం కనిపించేవి కావు. నేను చూసినా," అన్నాడు. "తిప్పేది తప్పని నీకూ తెలీదు, నాకూ తెలీదు. దానికేం లేదు. మొన్న అన్నం తెచ్చిన్నాడు తెలుసునా నీకు?"

"తెలుసు."

"దువా చేస్తుండానని నేను చెప్పిన్నాడు?"

"తెలుసు."

తల ఊపాడు. తాళాలు తీసుకుని, కాలవలో కాళ్ళు కడుక్కుని, వచ్చి బండిలో కూర్చున్నాడు.

బాబా అతని పని అతనికిచ్చేసి, పెషావర్ డ్రైవర్ని కూతురింటికి పంపాడు. నన్ను పంపెయ్యలేదు, గది తాళం కూడా నా దగ్గరే ఉంచాడు. 2008లో నేను వచ్చేసేనాటికి పిల్లలు పెద్దవై, మగవాటికి నీలం రంగు తిరిగింది. వాటిని చూడ్డానికి పై దేశాలవాళ్ళు వచ్చి, ఎలా చేశావని నన్ను అడిగారు. నేను గర్వంగానే చెప్పేదాన్ని. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కాలు కడుక్కోవడానికి ఇరవై నెలలు ఆగాను, బురదలో నిలబడ్డది మాత్రం అతను. గుడ్లు పోయినా సరే, ఆ రోజే చెప్పాల్సింది.

నన్ను విమానాశ్రయానికి దిగబెట్టింది అతనే. పెట్టెలు దించి, సామాన్ల తోపుడు బండి మీద సర్ది, తాళ్ళు లాగి చూశాడు. ఆ రెండేళ్ళలో అతను నాతో మర్యాదగా మాట్లాడని రోజు లేదు. "జాగ్రత్తగా పోయిరాండి," అన్నాడు. అక్కా అంటాడేమోనని బండి పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతుంటే అతను వెళ్ళిపోయాడు.